వాతావరణ మార్పు దిగులును, నిస్సహాయతను అధిగమించడం ఎలా?

వేసవిలో ఉష్ణోగ్రత 46 డిగ్రీలు దాటిందనో, అకాల వర్షానికి కల్లాల్లో ధాన్యం తడిసి మొలకెత్తిందనో, ఉప్పాడ దగ్గర సముద్రం తీరాన్ని మరికొంత కోసేసిందనో వార్త చదివిన తరువాత కొందరికి ఆ రోజంతా మనసు కుదుటపడదు. చేస్తున్న పని మీద ధ్యాస నిలవదు, రాత్రి నిద్ర పట్టదు, పిల్లల భవిష్యత్తు తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఇంట్లో చెప్పుకుంటే "లోకం బాధలన్నీ నీకెందుకు, నీ పని నువ్వు చూసుకో" అన్న సమాధానం వస్తుంది. చెప్పుకోకపోతే అది లోలోపలే ముదురుతుంది. ఇంత పెద్ద సమస్య ముందు నేనొక్కరిని ఏం చేసినా ఏమవుతుంది అన్న ఆలోచన కూడా దీనికి తోడవుతుంది. ఈ దిగులును, ఈ నిస్సహాయతను ఎలా ఎదుర్కోవాలో తెలుసుకోవాలనుకునే వారి కోసం ఈ వ్యాసం.

ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. మీ దిగులుకు కారణం ఉంది, అది మీ బలహీనత కాదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2017లో వెలువరించిన నివేదిక దీనిని పర్యావరణ వినాశనం గురించిన దీర్ఘకాలిక భయంగా వర్ణించింది. అయితే వైద్యులు వాడే మానసిక వ్యాధుల జాబితాల్లో దీనికి చోటు లేదు. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో ప్రచురితమైన ఒక సర్వేలో భారతదేశంతో సహా 10 దేశాలకు చెందిన, 16 నుంచి 25 ఏళ్ళ మధ్య వయసున్న 10 వేల మందిని ప్రశ్నించారు. తాము చాలా ఎక్కువగా లేదా విపరీతంగా ఆందోళన చెందుతున్నామని వారిలో 59 శాతం మంది, ఆ ఆందోళన తమ దైనందిన జీవితాన్ని దెబ్బతీస్తోందని 45 శాతానికి పైగా చెప్పారు. ఇంతమంది యువతీ యువకులు ఒకే మాట చెబుతున్నప్పుడు దానిని "అతి ఆలోచన" అని కొట్టిపారేయడం అన్యాయం.

దిగులునూ నిస్సహాయతనూ వేరుచేసి చూడండి

ఈ రెండూ కలిసే వస్తాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి. కానీ దిగులు చాలా వరకు వాస్తవం మీద ఆధారపడినది. భూమి వేడెక్కుతోంది, దాని ఫలితాలు కళ్ళెదుటే కనిపిస్తున్నాయి. నిస్సహాయత అలా కాదు. అది ఎక్కువగా ఒక తప్పు లెక్క నుంచి పుడుతుంది: ఒకవైపు మొత్తం భూగోళాన్ని, మరొకవైపు ఒంటరి మనిషిని పెట్టి తూచినప్పుడు ఎవరికైనా తాము సున్నా అనే అనిపిస్తుంది. అందువల్ల దిగులుకు చేయవలసిన ఉపాయం వేరు, నిస్సహాయతకు చేయవలసినది వేరు.

మొదట ఒక కాగితం తీసుకుని మీ దిగులును వీలైనంత వివరంగా రాయండి. "వాతావరణ మార్పు అంటే భయం" అని రాస్తే దానితో చేయగలిగింది ఏమీ ఉండదు. "మా నాన్నగారికి 68 ఏళ్ళు, మే నెలలో కూడా మధ్యాహ్నం దాకా పొలంలోనే ఉంటారు, ఆయనకు వడదెబ్బ తగులుతుందేమోనని భయం" అని రాస్తే అప్పుడు ఆ భయానికి ఒక మనిషి, ఒక నెల, ఒక వేళ ఏర్పడతాయి. పని వేళలు మార్చుకోవడం, నీడ, నీళ్ళు, మందుల సంగతి వంటి చేయదగిన పనులు కనిపిస్తాయి. కొన్ని భయాలు ఇలా విడదీసినా చేతికి అందవు. అంటార్కిటికా మంచు గురించిన భయం అటువంటిది. వాటిని వేరే వరుసలో రాసి పెట్టండి.

రాస్తున్నప్పుడు దుఃఖం కూడా పైకి రావచ్చు. చిన్నప్పుడు ఈత నేర్చుకున్న చెరువు ఇప్పుడు ప్లాట్లుగా మారి ఉండవచ్చు, ఇంటి ముందు పిచ్చుకలు కనిపించకుండా పోయి ఉండవచ్చు. పోయినదాని కోసం బాధపడటానికి సిగ్గుపడనక్కరలేదు. ఆ చెరువును ఎరిగిన మరొకరితో దాని గురించి మాట్లాడండి. పంచుకున్న దుఃఖం మనిషిని పనికి దూరం చేయదు, అణచిపెట్టిన దుఃఖమే చేస్తుంది.

నిజాన్ని పూర్తిగా తెలుసుకోండి

దిగులుతో ఉన్నవారిని ఓదార్చడానికి చాలామంది "ఏమీ కాదులే" అంటారు. అది నిజం కాదు కాబట్టి ఓదార్పునివ్వదు. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో పది లక్షల వంతులకు 280 వంతులుగా ఉన్న బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఇప్పుడు 420 దాటింది. పారిశ్రామిక యుగానికి ముందున్న స్థితితో పోల్చితే సగటు ఉష్ణోగ్రత 1.5 డిగ్రీలకు మించి పెరిగిన మొదటి క్యాలెండర్ సంవత్సరంగా 2024 నమోదయింది. వీటిని దాచి ధైర్యం చెప్పడం వల్ల ప్రయోజనం లేదు.

అయితే మిగతా సగం నిజం కూడా అంతే ముఖ్యమైనది, దానిని చెప్పేవారు తక్కువ. 1.5 డిగ్రీలు దాటగానే అంతా ముగిసిపోయే గీత ఏదీ లేదు. డిగ్రీలో పదో వంతు తగ్గినా ఆ మేరకు వడగాలులు, వరదలు, పంట నష్టాలు తగ్గుతాయి, కాబట్టి ఏ దశలోనూ ప్రయత్నం వృథా కాదు. 2015 పారిస్ ఒప్పందానికి ముందు ప్రపంచం ఈ శతాబ్దం చివరకు సుమారు 4 డిగ్రీల పెరుగుదల వైపు వెళుతోందన్న అంచనాలుండేవి. ఇప్పుడు అమలులో ఉన్న విధానాల ప్రకారం ఆ అంచనా 3 డిగ్రీలకు అటూ ఇటూ ఉంది. అది ఇప్పటికీ ప్రమాదకరమే, కానీ మనుషులు చేసిన పని వల్లనే ఆ అంకె కిందికి దిగింది. 2010 నుంచి పదేళ్ళలో సౌర విద్యుత్ ఖర్చు దాదాపు 85 శాతం పడిపోయింది. ఓజోన్‌కు హాని చేసే రసాయనాలను అరికట్టడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం తరువాత ఓజోన్ పొర మెల్లగా కోలుకుంటోంది. అంటార్కిటికా మీద కూడా అది 2066 నాటికి 1980 నాటి స్థితికి చేరుతుందని శాస్త్రవేత్తలు అంచనా వేస్తున్నారు.

మన కోస్తా చరిత్రే దీనికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యమని నా అభిప్రాయం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు సుమారు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. హెచ్చరిక అందని గ్రామాలు, తలదాచుకోవడానికి పక్కా కట్టడం లేని గ్రామాలు ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి, నగరంలో ఎన్నో చెట్లు నేలకూలాయి, ఆస్తి నష్టం అపారం. మరణాలు మాత్రం పదుల సంఖ్యలోనే ఉన్నాయి. రెండు తుపాన్లూ అన్ని విధాలా సమానమైనవి కావు, దివిసీమను ముంచిన అల ఎత్తు చాలా ఎక్కువ. అయినా మధ్యలో గడిచిన 37 ఏళ్ళలో జరిగిన పని లేకపోతే ఈ తేడా సాధ్యమయ్యేది కాదు. ఉపగ్రహ చిత్రాలు, రాడార్లు, తుపాను షెల్టర్లు, ముందుగానే లక్షల మందిని తరలించే ఏర్పాటు, ఊరూరా తిరిగి హెచ్చరించిన ఉద్యోగులు, ఆ మాట విని ఇల్లు వదిలి కదిలిన ప్రజలు, అందరి శ్రమా అందులో ఉంది. తుపాను రాకుండా ఆపలేకపోయినా దాని చేతిలో చావకుండా ఉండటం మనుషుల వల్ల అయింది.

వార్తలకు వేళ పెట్టండి

రాత్రి పడుకునే ముందు ఫోను చేతిలోకి తీసుకుంటే ఎక్కడో అడవి తగలబడుతున్న వీడియో, దాని కింద కొట్టుకుపోతున్న కార్లు, ఆ కింద మరొకటి. వాటిలో ఏది నిన్నటిదో, ఏది అయిదేళ్ళ కిందటిదో కూడా తెలియదు. తుపాను వచ్చిన ప్రతిసారీ పాత వీడియోలు, వేరే దేశాల వీడియోలు కొత్తవిగా తిరుగుతూనే ఉంటాయి. ఇలా చూడటం వల్ల తెలుసుకునేది తక్కువ, బెంబేలెత్తడం ఎక్కువ.

వార్తలు మానేయమని నేను చెప్పను. పగటి పూట ఒక వేళ పెట్టుకోండి, చదవగలిగినవి చదవండి, వీడియోలు వాటంతట అవే మొదలయ్యే సదుపాయాన్ని ఆపేయండి, పడకగదిలోకి ఫోను తీసుకువెళ్ళకండి. వర్షం, వడగాలి, తుపాను సమాచారానికి భారత వాతావరణ శాఖను, మీ రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థను మాత్రమే నమ్మండి. చదివిన ప్రతి వార్తనూ ఇది ఎక్కడ, ఎప్పుడు జరిగింది, దీని విషయంలో నేను చేయగలిగింది ఏమైనా ఉందా అని ప్రశ్నించుకోండి. ఉంటే రాసుకోండి, లేకపోతే అక్కడితో వదిలేయండి.

మీ వంతు తప్పు ఎంతో అంతే మోయండి

ప్లాస్టిక్ సంచీ తీసుకున్నందుకు, బైకు మీద వెళ్ళినందుకు రోజంతా తమను తాము నిందించుకునే యువతీ యువకులను నేను చూశాను. వారు ఒక లెక్క తెలుసుకోవాలి. భారతదేశంలో ఒక్కొక్కరి తలసరి బొగ్గుపులుసు వాయు ఉద్గారం ఏటా సుమారు 2 టన్నులు. ప్రపంచ సగటు దాదాపు 5 టన్నులు, అమెరికాలో అది 14 టన్నుల దరిదాపు. ప్రతి మనిషీ తన "కార్బన్ పాదముద్ర"ను, అంటే తన జీవన విధానం వల్ల వెలువడే ఈ వాయువు మొత్తాన్ని, తానే లెక్క వేసుకోవాలన్న ఆలోచనను 2000 దశకంలో భారీ ప్రకటనలతో ప్రజల్లోకి తీసుకువెళ్ళిన వాటిలో ముఖ్యమైనది బీపీ అనే చమురు కంపెనీ అన్న సంగతి గుర్తుంచుకోదగినది. తవ్వి తీసి అమ్మేవారి బాధ్యత పక్కకు జరిగి, వాడేవారి మీద అపరాధ భావం మిగిలింది.

అలాగని మన దేశంలో అందరి వంతూ ఒకటే కాదు. రెండు కార్లు, నాలుగు ఏసీలు, తరచూ విమాన ప్రయాణాలు ఉన్న కుటుంబానికీ, ఉపాధి హామీ పనికి వెళ్ళే కుటుంబానికీ ఒకే బాధ్యత అంటగట్టడం తగదు. మొదటి కోవకు చెందినవారు తమ వంతు పెద్దదని ఒప్పుకుని పెద్ద మార్పుల మీదే దృష్టి పెట్టడం మంచిది. సొంత డాబా ఉంటే సౌర ఫలకాలు పెట్టించుకోవచ్చు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల వరకు రాయితీ ఉంది. ప్రయాణంలో విమానం బదులు రైలు, కారు బదులు బస్సు లేదా మెట్రో, ఏసీ ఉష్ణోగ్రత కొంచెం పెంచుకోవడం, వండిన అన్నం పారేయకపోవడం, ఇవి చేస్తే చాలు. ప్లాస్టిక్ స్ట్రాల గురించి నిద్ర మానుకోనక్కరలేదు.

ఒక్కరుగా కాక నలుగురుగా లెక్క వేయండి

నిస్సహాయతకు అసలు చికిత్స ఇక్కడే మొదలవుతుంది. శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతంలో బీల అని పిలిచే చిత్తడి నేలలు ఉన్నాయి. చుట్టుపక్కల గ్రామాల రైతులకు, మత్స్యకారులకు అవే జీవనాధారం. అక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని కట్టాలన్న నిర్ణయం జరిగినప్పుడు ఆ గ్రామాల ప్రజలు ఎదురు నిలిచారు. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ఉద్యమకారుల ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ప్రజలు అంతటితో ఊరుకోలేదు, నిరాహార దీక్షలను ఏళ్ళ తరబడి కొనసాగించారు. చివరకు 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్కడ బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలన్న నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది.

ఇప్పుడు లెక్క చూడండి. అంత సామర్థ్యం ఉన్న బొగ్గు కేంద్రం నడిస్తే ఏటా కోటి టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. తలసరి 2 టన్నుల చొప్పున అది 50 లక్షల మంది భారతీయుల ఉద్గారానికి సమానం. ఆ గ్రామాల్లో ఒక్కొక్కరూ విడివిడిగా తమ ఇంట్లో దీపాలు ఆర్పుకుని కూర్చుంటే సాధించగలిగేది ఇందులో రేణువంత కూడా కాదు. కలిసి నిలబడినందువల్ల అది సాధ్యమైంది. దానికి వారు చెల్లించిన మూల్యాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. ప్రాణాలు పోయిన ఇళ్ళలో ఆ గెలుపును గెలుపు అనుకోగలరో లేదో చెప్పే అర్హత మనకు లేదు. అయినా "సామాన్యుల వల్ల ఏమవుతుంది" అన్న ప్రశ్న వేసుకునేవారు సోంపేటను తెలుసుకుని తీరాలి.

అన్ని సమష్టి ప్రయత్నాలూ ఇంతటి సంఘర్షణతో కూడినవి కావు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, వారిలో ఎక్కువమంది దళిత సన్నకారు రైతులు, వర్షాధార భూముల్లో జొన్న, సజ్జ, కొర్ర, కంది వంటి పంటలను ఒకే చేనులో కలిపి పండిస్తారు. వానలు ముందు వెనుకలైతే ఒక పంట పోయినా మరొకటి చేతికి వస్తుంది. విత్తనాలు కొనరు, తామే దాచుకుంటారు, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారు. 2008 నుంచి సొంత రేడియో కూడా నడుపుకున్న ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో మహిళా సంఘాల అండతో సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం వాతావరణ రంగంలో కృషికి ఇచ్చే అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతిని 2024లో అందుకున్న ముగ్గురిలో ఒకటి.

మన చుట్టూ ఎవరికీ పట్టదన్న భావన కూడా చాలా వరకు భ్రమే. 125 దేశాల్లో దాదాపు 1 లక్షా 30 వేల మందిని ప్రశ్నించి 2024లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, వాతావరణం కోసం తమ ఆదాయంలో ఒక శాతం ఇవ్వడానికి సిద్ధమని 69 శాతం మంది చెప్పారు. తమ దేశంలో ఎంతమంది సిద్ధపడతారని అడిగితే మాత్రం వారి సగటు అంచనా 43 శాతమే. అంటే పక్కవారికి కూడా ఈ బాధ ఉందని తెలియక అందరూ మౌనంగా ఉన్నారు. కాబట్టి మొట్టమొదటి పని, చెప్పుకోవడానికి చిన్నదిగా కనిపించినా, ఈ విషయం నోరు తెరిచి మాట్లాడటం. కళాశాలలో, కార్యాలయంలో, అపార్ట్‌మెంట్ సంఘంలో, మహిళా పొదుపు సంఘంలో ముగ్గురు నలుగురు దొరికితే చాలు, పని మొదలుపెట్టవచ్చు.

ఆ తరువాత ఒకే ఒక సమస్యను, మీకు దగ్గరలో ఉన్నదానిని, ఎంచుకోండి. ఆక్రమణకు గురవుతున్న చెరువు కావచ్చు, చెత్త తగలబెట్టే స్థలం కావచ్చు. పూర్తి వివరాలు లేకుండా వినతిపత్రం ఇస్తే పక్కన పడేస్తారు, అందువల్ల ముందు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వడం అధికారుల విధి. మీ ప్రాంతంలో గని, విద్యుత్ కేంద్రం లేదా పెద్ద పరిశ్రమ వస్తుంటే 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం చాలా సందర్భాల్లో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. ఆ సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, మదింపు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి, సభను వీడియో తీయాలి. సభలో మాట్లాడే ధైర్యం లేనివారు తమ అభ్యంతరాలను రాతపూర్వకంగా కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వవచ్చు. చాలామంది ఈ సభలు జరిగిన సంగతి పత్రికలో చదివి బాధపడతారు. ముందుగా తెలుసుకుని, సారాంశం చదివి, నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు, బూడిద ఎక్కడ పోస్తారు అని సూటిగా నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్ళినవారి మాట రికార్డుల్లో నిలిచిపోతుంది. అప్పటికీ న్యాయం జరగకపోతే పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. మన రెండు రాష్ట్రాలకు సంబంధించిన దక్షిణ ధర్మాసనం చెన్నైలో పనిచేస్తుంది.

మీ వీధి నుంచి మొదలుపెట్టండి

పోరాటాలకు దూరంగా ఉండాలనుకునేవారికి కూడా చేయడానికి ఎంతో పని ఉంది. అందులో అన్నిటికన్నా అత్యవసరమైనది వేడి నుంచి మనుషులను కాపాడటమని నేను నమ్ముతాను. 2015 వేసవిలో వడగాలులకు దేశంలో 2 వేల మందికి పైగా మరణించగా, వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే. వారిలో కూలీలు, వృద్ధులు, రేకుల ఇళ్ళలో ఉండేవారు ఎక్కువ.

మార్చి నెలలో, ఎండలు ముదరకముందే, మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న వృద్ధుల పేర్లు రాసుకోండి. ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఇంటివారు బాధ్యత తీసుకుని, వడగాలి హెచ్చరిక వచ్చిన రోజున ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి పలకరించాలి. మాటలో తడబాటు, ఒళ్ళు కాలిపోవడం, మనిషి మత్తుగా ఉండటం కనిపిస్తే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు చల్లి, విసురుతూ వెంటనే 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయరాదు.

తరువాత ఇళ్ళ పైకప్పులు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. తెల్లని కప్పు ఎండను తిప్పి కొడుతుంది కాబట్టి లోపల కొన్ని డిగ్రీల వేడి తగ్గుతుంది. దీనికి ఖరీదైన రంగులే అక్కరలేదు. డాబాను బాగా ఊడ్చి, కడిగి ఆరనివ్వాలి. పొడి సున్నాన్ని ముందురోజు సాయంత్రమే డ్రమ్ములో నీళ్ళు పోసి నానబెట్టి, పొద్దున్నే పలుచని గుడ్డతో వడగట్టి, పట్టు కోసం కొంచెం బంక కలుపుకోవాలి. ఎండ ఎక్కకముందే అడ్డంగా ఒక పూత వేసి, అది ఆరిన తరువాత నిలువుగా మరొక పూత వేయాలి. సున్నం కంట్లో పడితే ప్రమాదం, అందుకే కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. సిమెంటు రేకుల ఇంటి మీదికి మాత్రం ఎవరూ నేరుగా ఎక్కరాదు, రేకు విరిగి మనిషి కిందపడతాడు. పాత రేకులను గీకడం కూడా మంచిది కాదు, అందులోని ఆస్బెస్టాస్ పీచు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. నిచ్చెన మీద నిలబడి పొడవైన కర్రకు కుంచె కట్టి వేసుకోవచ్చు. పని ముగిసిన రోజు మధ్యాహ్నం ఆ ఇంట్లో కూర్చుని పైకప్పును చేత్తో తాకి చూసినవారికి నిస్సహాయత గురించి నేను వేరుగా చెప్పవలసింది ఉండదు.

పిల్లలతో మాట్లాడేటప్పుడు

పిల్లలు అడిగినప్పుడు మాట దాటవేయకూడదు, వారి వయసుకు మించిన వివరాలూ చెప్పకూడదు. నిజం చెప్పి, దానికి పెద్దవాళ్ళు చేస్తున్న ఏర్పాటు చెప్పి, అందులో వారికి ఒక చిన్న పని ఇవ్వాలి. తీరప్రాంతంలో పదేళ్ళ పాప "నాన్నా, సముద్రం మన ఇంటిదాకా వచ్చేస్తుందా?" అని అడిగిందనుకుందాం. "పెద్ద తుపాను వస్తే నీళ్ళు రావచ్చు తల్లీ. అందుకే హెచ్చరిక రాగానే మనం ముందే బయలుదేరిపోతాం. ఎక్కడికి వెళ్ళాలో అమ్మకూ నాకూ తెలుసు, ఆదివారం నీకూ ఆ షెల్టరు చూపిస్తాను. మన సంచీలో ఏమేం పెట్టుకోవాలో నువ్వు రాసిపెట్టు" అని తండ్రి చెబితే ఆ పాప భయం పూర్తిగా పోకపోయినా దానికి ఒక ఒడ్డు దొరుకుతుంది. లోకాన్ని కాపాడే భారం మీ తరానిదే అని పిల్లలకు చెప్పడం మాత్రం మానుకోవాలి. ఆ భారం ప్రస్తుతానికి మనది.

వైద్య సహాయం ఎప్పుడు అవసరం?

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి దెబ్బతిన్నా, పనికి వెళ్ళలేకపోతున్నా, కారణం లేకుండా గుండెదడ వస్తున్నా మానసిక వైద్యులను కలవాలి. దిగులుకు కారణం వాతావరణమే అయినా శరీరం పడే బాధ ఒకటే, దానికి చికిత్స ఉంది. వరదను కళ్ళారా చూసినవారి సంగతి మరీ వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడలోని కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అటువంటి అనుభవం ఉన్నవారు మామూలు వాన చప్పుడుకే ఉలిక్కిపడుతుంటే దానిని పిరికితనంగా చూడకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

అలసిపోకుండా కొనసాగడం

కొత్తగా సంఘం కట్టినవారు మొదటి ఏడాదిలోనే అన్నీ తలకెత్తుకుని, ఆ మరుసటి ఏడాదికి చెల్లాచెదురవుతారు. దీనిని తప్పించుకోవడానికి పనిని రుతువుల వెంట పంచుకోవడం మంచిది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పైకప్పుల సున్నం, వృద్ధుల జాబితా. ఏప్రిల్, మే నెలల్లో చలివేంద్రం, పలకరింపులు. తొలకరికి ముందు కాలువల్లో పూడిక తీయించమని పంచాయతీని లేదా మునిసిపాలిటీని వెంటపడటం. జూన్, జూలైలలో వేప, కానుగ, చింత వంటి స్థానిక మొక్కలు నాటడం, వాటికి రెండేళ్ళ పాటు నీళ్ళు పోసే ఇంటివారిని ముందే నిర్ణయించుకోవడం. అక్టోబరు, నవంబరులలో తీరప్రాంతాలవారు తుపాను సంచీ, షెల్టరు దారి సరిచూసుకోవడం. డిసెంబరు, జనవరి నెలల్లో ఏ పనీ పెట్టుకోకండి. ఆ రెండు నెలలూ విశ్రాంతికి, పండుగకు వదిలేసి, ఎవరు ఏ పని నుంచి తప్పుకుంటారో, కొత్తగా ఎవరు చేరతారో సంక్రాంతి తరువాత ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకోండి. తప్పుకునేవారిని నిందించకండి, మళ్ళీ ఎప్పుడైనా రావచ్చని చెప్పి, వారి దగ్గరున్న కాగితాలు, ఫోన్ నంబర్లు, దరఖాస్తుల నకళ్ళు కొత్తవారికి అప్పగించేలా చూడండి.